దేవదారుల కింద రోడ్డు

“వాన పడుతోందా అని అడిగితే నేనేం చెప్పను? ఎక్కడ పడుతోంది అని అడగాలి. పద్నాలుగు కిలోమీటర్ల పందెం రోడ్డు అది. స్టార్టు దగ్గర జనం చొక్కాలు విప్పి ఎండ కాగుతుంటారు. అదే నిమిషంలో ఇక్కడ మా కోళ్ళు తడిసి ముద్దయి గుమ్మంలోకి వచ్చేస్తాయి. అవతల స్తావ్లో ఊరి మలుపులో ముందున్న మనిషి కనపడనంత మంచు. అందుకేగా మా ఇంట్లో ఈ ఫోను పెట్టింది! సరే, ఆ రొట్టె తడిసిపోతోంది, ముందు లోపలికి రా,” అంది ఇర్మా.

నేను లోపలికి వెళ్ళాను. మంగళ, గురు, శనివారాల్లో రొట్టెల బండి ఆ ఇంటి ముందు ఆపుతాను. నా ముందు మా నాన్న ఆపేవాడు. నలభై దగ్గర పడుతున్నా ఇర్మా దెతియేకి నేనింకా రొట్టెలబ్బాయినే.

మాల్మెదికి దిగే రోడ్డు మీద, బ్యూర్నన్‌విల్ ఊరు చుట్టూ తిరిగే పెద్ద కుడి మలుపులో ఉంటుంది వాళ్ళ ఇల్లు. మలుపు లోపలి అంచు వంటింటి కిటికీకి నాలుగడుగుల దూరం. కిటికీ గూట్లో ఒక చెక్కపెట్టె, దానికో పిడి, పైన నల్లటి ఫోను. అంకెల చక్రం ఉండదు. పిడి తిప్పితే ఒక్కచోటే మోగేది, రేసు ఆఫీసులో. ఈ ఏడాది నుంచి అక్కడా మోగదు. కార్లూ మోటార్ సైకిళ్ళూ పరిగెత్తే పందెం దారిని సగానికి కోసేశారు. కొత్త దారి కొండమీదే పక్కకు తిరిగి లోయలోకి దిగి, అవతలెక్కడో పాత రోడ్డులో కలుస్తుంది. బ్యూర్నన్‌విల్, మాల్మెది, ఇళ్ళ మధ్యనుంచి బాణంలా దూసుకుపోయే మాస్తా రోడ్డు, అన్నీ బయటపడిపోయాయి. ఇక ఇక్కడ తిరిగేవి పాలబండ్లూ నా బండీనే. తీగ కోసేసి వెళ్ళినవాళ్ళు పెట్టె కోసం మళ్ళీ వస్తామన్నారు, రాలేదు. ఇర్మా రోజూ దాని దుమ్ము తుడుస్తూనే ఉంది.

“రొట్టెలబ్బాయ్, నీ బండిలో బియ్యం టార్టు ఉందా?” పొయ్యి పక్కన బంగాళాదుంపలు చెక్కుతున్న లాంబేర్ అడిగాడు. ఇర్మా భర్త. మాల్మెది తోళ్ళ కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. చేతులకు ఆ గోధుమరంగు ఇంకా పోలేదు.

“ఉన్నా మనకొద్దు,” అంది ఇర్మా.

“చూశావా? పన్నెండేళ్ళు! హత్య చేసినవాడికి కూడా జైల్లో ఆదివారం పూట టార్టు పెడతారు.”

“నీకు బంగాళాదుంపలు పెడుతున్నాగా. చెక్కు.”

ఇది నాకూ చాలా కాలంగా ఉన్న సందేహమే. పాలలో బియ్యం ఉడికించి, గుడ్లు కలిపి, పిండితో చేసిన గిన్నెలో పోసి కాల్చే ఆ టార్టు లేకుండా మా వైపు ఏ ఇంట్లోనూ ఆదివారం గడవదు. కొననివాళ్ళు సొంతంగా కాలుస్తారు. నేను తిరిగే ఇళ్ళన్నిటిలో కొననిదీ, కాల్చనిదీ ఈ ఒక్క ఇల్లే. చాలాసార్లు అడగబోయి ఆగిపోయాను. ఆ గురువారం అడగాల్సిన అవసరం లేకపోయింది. బల్లమీద హాలండ్ స్టాంపుతో ఒక ఉత్తరం విప్పి ఉంది.

“చదువు,” అంది ఇర్మా కాఫీ పోస్తూ.

పెద్ద పెద్ద అక్షరాలు, తప్పుల ఫ్రెంచి. ‘ప్రియమైన మదాం ఇర్మా, కొత్త దారి చూడటానికి వస్తున్నాను. శనివారం మధ్యాహ్నం ఫ్రాంకోర్‌షాం చర్చి ఎదుటి కాఫీ హోటల్లో ఉంటాను. మీ వంటింటికి వచ్చి ఒక్కసారి కూర్చుంటే చాలు. నన్ను కాపాడిన చేతిని ముట్టుకోవాలి. టార్టు గురించి మా ఆవిడకి పన్నెండేళ్ళుగా చెప్తున్నాను. వీబె పోస్ట్‌మా.’

“కాపాడిన చెయ్యట,” అంది ఇర్మా. తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. “అతన్ని పడేసింది కూడా ఇదే. అది చెప్పాలా వద్దా, శనివారంలోపు తేల్చుకోవాలి.”

“చెప్పకు,” అన్నాడు లాంబేర్, కత్తి ఆపకుండానే.

ఆమె చెప్పడం మొదలుపెడితే మొదటినుంచీ చెప్పాల్సిందే, మధ్యలో దించదు. నాకూ మిగిలినవి రెండిళ్ళే. కూర్చున్నాను.

మొదలంటే వాళ్ళ నాయనమ్మ. ఆవిడ పెళ్ళినాటికి మాల్మెది జర్మన్ రాజుది. ఇప్పుడు రేసుల్లో కార్లు దూకే ఎర్రవాగే అప్పటి సరిహద్దు. అడుగున ఇనుపరాళ్ళుండి నీళ్ళు తుప్పురంగులో పారతాయి కాబట్టి ఆ పేరు. వాగు పక్కన సుంకం గది ఉండేది. నాయనమ్మ రెండు లంగాల మధ్య కాఫీ గింజలు కుట్టుకుని వాగు దాటేదట.

“మొదటి యుద్ధమయ్యాక దేశం మారింది, వాగు మారలేదు,” అంది ఇర్మా. “తర్వాత పట్నం పెద్దమనుషులు వచ్చి ఫ్రాంకోర్‌షాం, మాల్మెది, స్తావ్లో, ఈ మూడు ఊళ్ళ రోడ్లూ కలిపి ముక్కోణంలా చూసుకుని, భలే ఉంది, దీనిమీద పందేలు పెడదాం అన్నారు. రోడ్డు మాది, కంకర మాది, పేడ మాది. పేరు మాత్రం స్పా ఊరికి ఇచ్చారు.”

“అది నిజమే,” అన్నాను. స్పా వాళ్ళు రొట్టె విషయంలోనూ అంతే, మేం కాల్చింది తమ పేరు మీద అమ్ముతారు.

ఆమె తండ్రి రోడ్డు పనివాడు. కంకర పరచడం, కాలవలు తీయడం. రెండో యుద్ధానికి ముందు, సుంకం గది దగ్గరి ఒంపు తీసేసి, వాగు దాటగానే కొండమీదికి నిట్టనిలువుగా దారి వేశారు. ఇప్పుడు ప్రపంచమంతా చూడటానికొచ్చేది ఆ దారినే. దాని మట్టి కొట్టిన పారల్లో ఆయనది ఒకటి. తర్వాత అదే రోడ్డు మీద ట్యాంకులు నడిచాయి. యుద్ధం చివరి డిసెంబరు మంచులో అది, అప్పటికి ఇర్మాకి పదిహేనేళ్ళు. యుద్ధమయ్యాక గుంటలు పూడ్చింది కూడా ఆయనే. ఆ రోడ్డు ఎక్కడ ఎంతసేపట్లో ఆరుతుందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందుకే రేసు ఆఫీసువాళ్ళు ఫోను ఆయన కిటికీలో పెట్టారు.

“పావుగంటకోసారి పిడి తిప్పాలి, ఒక్క మాట చెప్పాలి. పొడి, తడి, లేకపోతే జల్లు. నాలుగో మాట లేదు. అక్కడ వాళ్ళు నల్లబోర్డు మీద సుద్దతో రాస్తారు. అది చూసి ఒక్కో జట్టువాడు పలక మీద రాసి, తన మనిషి ముందునుంచి పోతుంటే ఎత్తి చూపిస్తాడు. అంటే మా నాన్న నోట్లో మాట మూడు నిమిషాల్లో గంటకి రెండొందల కిలోమీటర్ల మీద పోయేవాడి కంట్లో పడేది.”

“జీతం?”

“స్టార్టు దగ్గర కూర్చునేందుకు రెండు టిక్కెట్లు!” లాంబేర్ పగలబడి నవ్వాడు. “ఇక్కడ ఫోను దగ్గర కూర్చోవాలి, అక్కడ కుర్చీలో కూర్చోవాలి. రెండో ఇర్మా కావాలి. ఒక్కదానితోనే నేను పడలేకపోతున్నా.”

నిజంగానే, తండ్రి పోయాక ఇరవైమూడేళ్ళు ఫోను చూసిన ఇర్మా రేసు మొదలవడం గానీ ముగియడం గానీ ఒక్కసారీ చూడలేదు. ఎవరు గెలిచారో మర్నాడు పేపర్లో చదువుకునేది. ఆమె చూసిన రేసంతా కిటికీ వెడల్పు. మోటారు చప్పుడు దేవదారుల పైన పుట్టి, పాత్రలు గలగలలాడించి, మాల్మెది వైపు చచ్చిపోయేది. చప్పుడునుబట్టే ఎవరు భయపడుతున్నారో చెప్పగలిగేది. స్తావ్లోలో ఉండేవాళ్ళకి స్తావ్లో రేసు, మాస్తాలో వాళ్ళకి మాస్తా రేసు. రోడ్డు మూసేశాక ఎవరి మలుపులో వాళ్ళు బందీలు. అన్ని మలుపుల కథలూ వినడం రొట్టెలవాళ్ళం మాకే దక్కింది, మర్నాడు రొట్టె వేస్తూ.

రేసు ముందురోజు పని వేరు. మా నాన్న రెండు రోజుల రొట్టె ఒకేసారి వేసేవాడు. ఇర్మా వాళ్ళ పశువుల పాక ఇటు, పచ్చిక అటు. కాబట్టి తెల్లారేలోగా ఆవుల్ని రోడ్డు దాటించాలి. పూలకుండీలు లోపల, కోళ్ళు గంప కింద, బళ్ళు దూసుకొస్తే ఆపడానికి గోడకి గడ్డిమోపులు. ఆ గడ్డిమోపుల లెక్కతో సహా తండ్రి నేర్పినవన్నీ ఇర్మా చేసేది. ఆయన నేర్పినవాటిలో ముఖ్యమైనది వేరే ఉంది.

“అదిగో, ఆ పాలరాయి చూడు,” అంది ఇర్మా కిటికీలోంచి వేలు చూపిస్తూ. పొద్దున పాలక్యాన్లు పెట్టే రాతి అరుగు అది, రోడ్డు పక్కనే. “వాన వెలిశాక ముందు దాన్ని చూడాలి. దాని ముందు రోడ్డు ఆరితే సగం పని అయినట్టు. తర్వాత లేచి, కాళ్ళకి చెప్పులేసుకుని, కంచె వెంబడి రెండొందల అడుగులు ఎగువకి నడిచి, దేవదారుల కిందికి వెళ్ళి తారు మీద అరచెయ్యి పెట్టాలి. ఎందుకంటే ఆకాశంలో వాన ఆగుతుంది గానీ ఆ చెట్లలో ఆగదు. సూదుల్లాంటి ఆకుల్లో పట్టుకుని ఉంచి, చుక్క చుక్క కింద వదుల్తాయి. అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. పైన ఎండ, కింద జారుడు. మా నాన్న రెండూ చూసిగానీ పొడి అనేవాడు కాదు. చెయ్యి పెట్టకుండా పొడి అనకు అని చెప్పి చచ్చిపోయాడు.”

ఆ మాట దగ్గర ఆగి ఆమె కప్పులో ఇంకో చక్కెర ముక్క వేసుకుంది.

పన్నెండేళ్ళ కిందట, జూలైలో మోటార్ సైకిళ్ళ పందెం. మధ్యాహ్నం జల్లు పడి వెలిసింది. ఇర్మా ‘జల్లు’ అంది, తర్వాత ‘తడి’ అంది. మూడుంపావు అయ్యేసరికి ఎండ కాసింది. పాలరాయి ముందు రోడ్డు బూడిదరంగుకి తిరిగింది. లేచి చెట్ల దగ్గరికి వెళ్ళాలి. పొయ్యిలో టార్టు ఉంది. పైపొర మీద గోధుమరంగు మచ్చలు అప్పుడే పడుతున్నాయి. సరిగ్గా అప్పుడు తీయాలి, రెండు నిమిషాలు ఆలస్యమైతే చేదు.

“టార్టు కోసం,” అంది ఇర్మా. “మా ఆవు ఈనుతోందనో, మా అత్తకి బాగాలేదనో చెప్పుకుంటే బావుండేది. టార్టు మాడుతుందని కూర్చుండిపోయాను. పిడి తిప్పి పొడి అన్నాను.”

ఆ మాట చెప్పాక రెండో చుట్టులో వీబె పోస్ట్‌మా వచ్చాడు. చప్పుడు దేవదారుల పైన పుట్టింది, కిందికి రాలేదు. ఇర్మా వాళ్ళ కంచె విరిగిన చప్పుడు వచ్చింది. ఆమె వెంటనే పిడి తిప్పి తడి అంది.

మలుపులో ప్రమాద జెండాలు ఊపేవాళ్ళు కిటికీ రెక్క ఊడదీసి దానిమీద అతన్ని మోసుకొచ్చి వంటింటి బల్లమీద పడుకోబెట్టారు. తొడ ఎముక విరిగింది. రేసు నడుస్తుంటే అంబులెన్సు ఎదురు రాకూడదు, పందెం తిరిగే వైపే మొత్తం చుట్టు తిరిగి రావాలి. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఇర్మా అతని తల పట్టుకుని కూర్చుంది. నీళ్ళు తాగించింది, నుదురు తుడిచింది. వాళ్ళ ఊరు సముద్రం ఒడ్డున బల్లపరుపు నేల, వాళ్ళకి కొండే లేదు అని అతను చెప్తుంటే, మరి మలుపులు ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని నవ్వించింది. మాట్లాడించకపోతే సొమ్మసిల్లేలా ఉన్నాడు. ఆ మంచి వాసనేమిటి అని అడిగితే రెండు చెంచాల టార్టు నోట్లో పెట్టింది. డాక్టరు చూస్తే తిట్టేవాడే.

“అప్పుడన్నాడు. పలక మీద పొడి అని చూశాను మదాం, ఎవడో గాడిద తప్పు చెప్పాడు అని.” ఇర్మా నా వైపు కాకుండా ఫోను వైపు చూసింది. “నేను అవునన్నాను. అవును బాబూ, ఎవడో గాడిద అన్నాను. ఫోను ఎక్కడుంది? అతని తలకి రెండడుగుల దూరంలో. దానిమీద నా ఏప్రన్ కప్పేశాను. ఎప్పుడు కప్పానో నాకే తెలీదు. అతన్ని లోపలికి తెచ్చేసరికే కప్పి ఉంది.”

లాంబేర్ చెక్కిన దుంపని గిన్నెలో వేసి ఇంకోటి అందుకున్నాడు.

అతని కాలు అతుక్కుంది గానీ రెండంగుళాలు పొట్టిదయింది. మళ్ళీ పందెం ఎక్కలేదు. ఊళ్ళో సైకిళ్ళ కొట్టు పెట్టుకున్నాడు. ఏటా కొత్త సంవత్సరానికి కార్డు పంపుతాడు. పన్నెండు కార్డులూ అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టి ఉన్నాయి. పడవలు, గాలిమరలు, తర్వాత ఒక పాప, ఆ పాప పక్కన ఇంకో పాప. ప్రతి కార్డులోనూ టార్టు మాట ఉంటుంది. ఇర్మా ప్రతిసారీ మూడు ముక్కలు జవాబు రాస్తుంది. ‘ఇక్కడ వాన. మేం క్షేమం. పిల్లలకి ముద్దులు.’

“ఎవరికీ తెలీదు కదా మదాం?” అన్నాను.

“రేసు ఆఫీసు పుస్తకంలో ఉంటుంది, మూడుంపావుకి పొడి, మూడున్నరకి తడి అని. ఎవరూ తిప్పి చూడలేదు. పెనిమిటికి తెలుసు. ఇప్పుడు నీకు.”

“చెప్పకు,” అన్నాడు లాంబేర్ మళ్ళీ. ఈసారి కత్తి కింద పెట్టాడు. “మనకెవరున్నారు ఇర్మా? పిల్లలు లేరు. ఏడాదికొక కార్డు, దాని మీద ఇద్దరు పిల్లల ఫొటో. నువ్వు జనవరి ఒకటి నుంచి పోస్టుమాన్ సైకిల్ బెల్లు వింటావు. నేను చూడటం లేదనుకుంటావా? వస్తాడు, తింటాడు, నీ చెయ్యి ముద్దు పెట్టుకుంటాడు, పోతాడు. చెప్పావో, వచ్చే జనవరిలో ఆ బీరువాలో పదమూడోది ఉండదు.”

“తెలుసు.”

“తెలిసీ?”

“తెలిసే చెప్పడానికి భయపడుతున్నా, ముసలోడా! లేకపోతే ఇంత కథెందుకు?” అని ఆమె కప్పులు విసురుగా తీసేసింది.

నేను లేచాను. బయటికొచ్చేసరికి వాన వెలిసి ఉంది. పాలరాయి తెల్లగా ఆరుతోంది. ఇర్మా చెప్పింది నన్ను వదల్లేదు. బండి ఎగువకి తిప్పి దేవదారుల కింద ఆపి దిగాను. ఎనిమిదేళ్ళుగా రోజు విడిచి రోజు పోతున్న రోడ్డు, ఎప్పుడూ దిగి చూసింది లేదు. ఆకాశం నీలంగా ఉంది. వంగి తారు మీద అరచెయ్యి పెట్టాను. చన్నీళ్ళ గిన్నెలో పెట్టినట్టుంది. లేచేసరికి మెడ వెనక చొక్కాలోకి ఒక చుక్క జారింది, తర్వాత ఇంకోటి. గడియారం చూసుకుని అక్కడే నిలబడ్డాను. చుక్కలు ఆగడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ఆ రోజు చివరి రెండిళ్ళకీ రొట్టె ఆలస్యమైంది, తిట్లు తిన్నాను.

శనివారం తెల్లవారుజామునుంచి వాన. పదకొండు దాటాక వెలిసింది. బ్యూర్నన్‌విల్‌లో బండి ఆపేసరికి పదకొండున్నర. కిటికీ తెరిచి ఉంది. గుమ్మం ఎక్కకముందే వాసన తగిలింది. ఉడికిన పాలు, గుడ్డు, పైన కొంచెం మాడిన చక్కెర. లాంబేర్ మెడకి టై కట్టుకుని, బల్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా కూర్చున్నాడు.

“ముట్టుకోనివ్వడం లేదు,” అన్నాడు నాతో. “పన్నెండేళ్ళ తర్వాత కాల్చింది, చూడటానికే పెట్టింది.”

“అతనొచ్చాక,” అంది ఇర్మా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ జుట్టు శుభ్రంగా దువ్వుకుంది. కిటికీ గూట్లో ఫోను కనపడలేదు. బల్లమీద, సరిగ్గా టార్టు పక్కన, చెక్కపెట్టెతో సహా పెట్టి ఉంది. దానిమీద ఏ గుడ్డా లేదు.

“అయితే తేల్చుకున్నారా మదాం?”

“మాటలతో నాకు చేతకాదు. రెండు రాత్రులు అనుకుని చూశాను. మొదలుపెట్టగానే టార్టు దగ్గర ఏడుపొచ్చేస్తోంది. ఏడిస్తే అతను, పోనీలెండి మదాం అంటాడు. పోనీలే అనిపించుకోవడానికి చెప్తున్నట్టు ఉంటుంది. అలా వద్దు. ముందు అతను చూడాలి. చూసి, కోపం వస్తే రానివ్వాలి.” రొట్టె అందుకుని బల్లమీద పెట్టి, కిటికీలోంచి పాలరాయి వైపు చూసింది. దాని ముందు రోడ్డు బూడిదరంగుకి తిరుగుతోంది. “నువ్వెలాగూ ఫ్రాంకోర్‌షాం పైకే కదా పోతావు. చర్చి ఎదుటి హోటల్లో కుంటుతూ తిరిగేవాడు ఒక్కడే ఉంటాడు. ఎక్కించుకుని తీసుకురా.”

“అలాగే.”

“ఆగు, అయిపోలేదు. తిన్నగా ఇంటికి తేకు. దేవదారుల కింద బండి ఆపు. అతన్ని దింపి, ముందు పైకి ఆకాశం చూడమను. తర్వాత కిందికి, మా పాలరాయి వైపు చూడమను, అక్కణ్ణించి బాగా కనపడుతుంది. అప్పుడు తారు మీద చెయ్యి పెట్టమను. కాలు వంగకపోతే నువ్వు పట్టుకో. మెడమీద చుక్క పడేదాకా నిలబెట్టు. ఎందుకని అడిగితే, ఇర్మా కిటికీలోంచి పాలరాయి ఒక్కటే కనపడుతుంది అని చెప్పు. అంతకంటే ఒక్క మాట చెప్పకు. మిగతాది నేను చెప్పుకుంటాను.”

“కిందికి రానంటేనో?”

లాంబేర్ టై ముడి సర్దుకుంటూ తల దించుకున్నాడు. ఇర్మా గుమ్మందాకా వచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. కాగితం లోపల ఇంకో చిన్న టార్టు వెచ్చగా ఉంది.

“రానంటే ఇది ఇచ్చెయ్. వాళ్ళావిడకి. స్టేషన్‌దాకా దింపేసిరా.” తలుపు పట్టుకుని ఎగువ చెట్ల వైపు ఒకసారి చూసింది. “బయల్దేరు, ముప్పావుగంటలో అక్కడ ఆరిపోతుంది. ఆరకముందే తీసుకురా నాయనా. బండి మాత్రం నెమ్మదిగా పోనీ.”